క్యారియర్‌లో పాప, నా నడుము నొప్పి

పాపకి నాలుగో నెల రాగానే, బిడ్డని ఒంటికి కట్టుకుని ఎత్తుకునే బేబీ క్యారియర్ కొన్నాం. మొదటి వారం నరకమే. పది నిమిషాలకే నా నడుము పట్టేసేది. పాప కాళ్ళు వేలాడుతూ నా తొడలకి కొట్టుకునేవి, పైగా గుక్కపెట్టి ఏడుపు. వాపసు ఇచ్చేద్దామనుకున్నా.

ఒకరోజు మా అత్తయ్య చూసి, "చంకనెత్తుకుంటే కాళ్ళు ఇట్లా వేలాడవు కదమ్మా?" అన్నారు. అప్పుడు వెలిగింది. చంకలో ఉన్న బిడ్డ కాళ్ళు కప్పలా విడి, మోకాళ్ళు పిరుదుల కంటే కాస్త పైకి ఉంటాయి. తుంటి కీళ్ళకి అదే మంచిది. నా క్యారియర్‌లో సీటు బట్ట మడతపడి, బరువంతా కాళ్ళ మధ్యే పడుతోంది.

బట్టని ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా పరిచా. తుంటి మీదకి జారిన బెల్టుని నడుము దగ్గరికి లాగి బిగించా. తల వంచితే పాప నుదుటికి ముద్దు పెట్టేంత ఎత్తులో కూర్చుంది. భుజాల పట్టీలు బిగించాక నడుము నొప్పి సగం పోయింది.

పాప గడ్డం మాత్రం ఇప్పటికీ మాటిమాటికీ చూస్తా. అది తన ఛాతీకే ఆనిపోతే ఊపిరి ఆడదు, గడ్డం కింద రెండు వేళ్ళు పట్టే సందు ఉండాలి. దుమ్మని చున్నీ ముఖం మీద కప్పేదాన్ని, అదీ మానేశా. వంగాల్సి వస్తే ఒక చెయ్యి పాప వీపు మీద వేసి, మోకాళ్ళు మడిచి కూర్చుంటా. ముఖం బయటికి పెట్టి ఎత్తుకోమని మావారి గోల. మెడ బాగా నిలబడ్డాక చూద్దాంలే అన్నా.

నిన్న రైతు బజారుకి వెళ్ళొచ్చేదాకా పాప నిద్రలేవలేదు. నా కాలరంతా చొంగే.