వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రాద్దాం, 4వ పాఠం: ఫారం ఉన్న పేజీలోనే స్క్రిప్టులు, స్టైల్‌షీట్లు

పోయిన పాఠంలో తిరుపతి లాడ్జి సైటుకి గది అడిగే ఫారం తయారుచేశాం. ‘తిరుగది_ఫారం’ అనే షార్ట్‌కోడ్ పెట్టిన చోట ఫారం వస్తోంది, తేదీ మీద నొక్కితే క్యాలెండర్ తెరుచుకుంటోంది. అయితే క్యాలెండర్ స్క్రిప్టు, ఫారం స్క్రిప్టు, స్టైల్‌షీటు మూడూ సైటులోని ప్రతి పేజీలోనూ దిగుతున్నాయి. రేణిగుంటలో రైలు దిగి లాడ్జికి దారి చూసుకుంటున్న యాత్రికుడి ఫోన్లోకి క్యాలెండర్ ఎందుకు? బ్రహ్మోత్సవాల రద్దీలో సిగ్నల్ అందక అవస్థపడే మనిషికి ఒక్కో ఫైలూ బరువే.

ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ మూడు ఫైళ్లూ ఫారం ఉన్న పేజీలో మాత్రమే దిగాలి. అడ్మిన్ వైపు ఫైళ్లు మన సెట్టింగ్స్ పేజీలో మాత్రమే దిగాలి. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, అండర్‌స్కోర్ ఉన్నచోట అండర్‌స్కోర్‌తోనే కొట్టండి.

రిజిస్టర్ అందరికీ, ఎన్‌క్యూ అవసరమైన చోట

‘డబ్ల్యూపీ_రిజిస్టర్_స్క్రిప్ట్’ చేసే పని చిన్నది. ఫలానా పేరుతో ఫలానా ఫైలు ఉంది, దానికి ముందు ఫలానావి రావాలి అని వర్డ్‌ప్రెస్‌కి చెప్పి ఊరుకుంటుంది. పేజీలో ఏమీ రాదు. ‘డబ్ల్యూపీ_ఎన్‌క్యూ_స్క్రిప్ట్’ అని పిలిస్తేనే పేజీలో స్క్రిప్ట్ ట్యాగ్ పడుతుంది. చాలామంది రెండూ ఒకేచోట, ఎన్‌క్యూలోనే అన్ని వివరాలూ ఇచ్చి కానిచ్చేస్తారు. షరతు పెట్టాల్సి వచ్చినప్పుడు అక్కడే చిక్కుపడతారు. రెంటినీ విడదీయండి.

రిజిస్టర్ చేసే ఫంక్షన్‌ని ‘ఇనిట్’ హుక్‌కి తగిలించండి (హుక్ అంటే వర్డ్‌ప్రెస్ ఆ దశకి రాగానే మన ఫంక్షన్‌ని పిలిచే చోటు). అందులో మూడు పిలుపులు ఉంటాయి. మొదటిది క్యాలెండర్ స్క్రిప్టు, దాని హ్యాండిల్ (వర్డ్‌ప్రెస్ ఆ ఫైలుని గుర్తుపట్టే పేరు) ‘తిరుగది-క్యాలెండర్’. రెండోది ‘తిరుగది-ఫారం’, దీని డిపెండెన్సీల అర్రేలో ‘తిరుగది-క్యాలెండర్’ రాయండి. మూడోది ‘డబ్ల్యూపీ_రిజిస్టర్_స్టైల్’తో ‘తిరుగది-స్టైల్’. హ్యాండిల్‌కి ముందు మన ప్లగిన్ గుర్తు తప్పకుండా ఉండాలి. ఉత్త ‘క్యాలెండర్’ అని పెడితే, అదే పేరు ముందుగా ఇంకో ప్లగిన్ వాడుకుని ఉంటే మన రిజిస్ట్రేషన్‌ని వర్డ్‌ప్రెస్ పట్టించుకోదు. వాళ్ల ఫైలు దిగుతుంది, మన ఫారం పనిచేయదు.

డిపెండెన్సీ సరిగా రాస్తే ఫారం స్క్రిప్టు ఒక్కదాన్నే పిలిస్తే చాలు, క్యాలెండర్ తనంతట తానే ముందు వస్తుంది. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా ఫారం స్క్రిప్టు పేజీలోకే రాదు. స్క్రిప్టు మాయమైందంటే ముందు చూడాల్సింది అదే. జేక్వెరీ కావాలంటే డిపెండెన్సీల్లో ‘జేక్వెరీ’ అని రాయండి, బయటి సర్వర్ నుంచి ఇంకో కాపీ తేవద్దు. రెండో కాపీ వచ్చి మొదటిదాని స్థానంలో కూర్చుంటే, మొదటిదానికి తగిలించుకున్న ఇతర ప్లగిన్ల పనులు అందకుండా పోతాయి.

నాలుగో ఆర్గ్యుమెంటు వెర్షన్. ఇక్కడ ‘ఫైల్‌ఎంటైమ్’ వాడితే ఫైలు మార్చినప్పుడల్లా వెర్షన్ మారి, బ్రౌజర్ కొత్త కాపీ తెచ్చుకుంటుంది. కానీ దానికి ఇవ్వాల్సింది సర్వర్లో ఫైలు ఉన్న దారి, అంటే ‘ప్లగిన్_డిర్_పాత్’తో కట్టినది. ‘ప్లగిన్స్_యూఆర్‌ఎల్’తో కట్టిన వెబ్ అడ్రసు ఇస్తే ‘ఫైల్‌ఎంటైమ్’ ఫాల్స్ ఇస్తుంది. వెర్షన్ స్థానంలో ఫాల్స్ ఉంటే వర్డ్‌ప్రెస్ తన సొంత వెర్షన్ నంబరు అతికిస్తుంది. అడ్రసు చివర నంబరు కనబడుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. మన ఫైలు ఎన్నిసార్లు మార్చినా ఆ నంబరు మారదు, యాత్రికుల ఫోన్లలో పాత ఫారమే తిరుగుతుంటుంది.

ఐదో ఆర్గ్యుమెంటుగా 2023లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి అర్రే ఇవ్వొచ్చు: ‘ఇన్_ఫుటర్’కి ట్రూ, ‘స్ట్రాటజీ’కి ‘డిఫర్’ (పేజీ చదవడం పూర్తయ్యాకే స్క్రిప్టు నడపమని బ్రౌజర్‌కి చెప్పేది). పాత వెర్షన్లు ఈ అర్రేని ఉత్త ట్రూగా తీసుకుని స్క్రిప్టుని ఫుటర్లో వేస్తాయి, ఏమీ విరగదు. ‘డిఫర్’ మాత్రం రెండు స్క్రిప్టులకీ పెట్టాలి. క్యాలెండర్‌కి పెట్టి ఫారంకి వదిలేస్తే, ఫారం కోసం క్యాలెండర్ ముందే సిద్ధంగా ఉండాలి కాబట్టి వర్డ్‌ప్రెస్ క్యాలెండర్ డిఫర్‌ని కూడా తీసేస్తుంది.

పిలుపు ఎక్కడ?

తేలిగ్గా తట్టే దారి ‘ఈజ్_పేజ్’లో బుకింగ్ పేజీ పేరు రాసేయడం. ప్లగిన్లో ఇది పనికిరాదు. లాడ్జి యజమాని రేపు పేజీ పేరు మారుస్తారు, ఇంకో పేజీలో కూడా ఫారం పెడతారు. ఫారం ఎక్కడ ఉందో కచ్చితంగా తెలిసేది షార్ట్‌కోడ్ ఫంక్షన్‌కే. అది నడిచిందంటే ఫారం ఉన్నట్టే. కాబట్టి ఆ ఫంక్షన్ లోపల మొదటి వరుసలోనే ‘తిరుగది-ఫారం’ని ఎన్‌క్యూ చేయండి. పేజీ సగం తయారయ్యాక పిలిచినా స్క్రిప్టులు ఫుటర్లో పడతాయి, ఇబ్బంది లేదు.

స్టైల్‌షీటు అంత తేలిగ్గా లొంగదు. క్లాసిక్ థీముల్లో (పీహెచ్‌పీ టెంప్లేట్లతో నడిచే పాత తరహావి) షార్ట్‌కోడ్ నడిచే సమయానికి హెడ్ భాగం వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు పిలిచిన స్టైల్ కూడా, వర్డ్‌ప్రెస్ 6.9కి ముందు వెర్షన్లలో, ఫుటర్లోనే పడుతుంది. ఫారం ముందు రంగూ రూపూ లేకుండా కనబడి, క్షణం తర్వాత ఒక్కసారిగా సర్దుకుంటుంది. నిదానమైన నెట్‌లో ఈ కుదుపు బాగా తెలుస్తుంది. వేలు ఒకచోట పెట్టేలోపు బటన్ ఇంకోచోటికి జరుగుతుంది.

అందుకని స్టైల్‌కి ముందుచూపు కావాలి. ‘డబ్ల్యూపీ_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్’ హుక్‌కి ఇంకో ఫంక్షన్ తగిలించి ఈ వరసలో చూడండి. ‘ఈజ్_సింగ్యులర్’ కాకపోతే వెనక్కి వచ్చేయాలి. ‘గెట్_పోస్ట్’ నిజంగా పోస్టు ఇచ్చిందా చూడాలి. ఆ పోస్టు కంటెంట్‌లో ‘హ్యాజ్_షార్ట్‌కోడ్’ ట్రూ అంటే ‘తిరుగది-స్టైల్’ని ఎన్‌క్యూ చేయాలి. ఇదే పరీక్షని ‘ఇనిట్’లో పెట్టకండి. ఏ పేజీ అడిగారో అప్పటికి వర్డ్‌ప్రెస్‌కే తెలియదు, ‘ఈజ్_సింగ్యులర్’ ఎప్పుడూ ఫాల్సే అంటుంది.

‘హ్యాజ్_షార్ట్‌కోడ్’ కంటికి కనబడని చోట్లున్నాయి. ఫారం సైడ్‌బార్ విడ్జెట్‌లో ఉన్నా, థీము ఫైల్లో ‘డూ_షార్ట్‌కోడ్’తో పిలిచినా, పేజీ బిల్డర్ తన సమాచారాన్ని పోస్ట్ మెటాలో దాచుకున్నా, సింక్ చేసిన ప్యాటర్న్ లోపల ఉన్నా పోస్టు కంటెంట్‌లో ఆ అక్షరాలే ఉండవు. అందువల్ల షార్ట్‌కోడ్ ఫంక్షన్లో కూడా స్టైల్‌ని ఎన్‌క్యూ చేసి ఉంచండి. రెండుసార్లు పిలిచినా ట్యాగ్ ఒక్కసారే పడుతుంది. ముందు పసిగడితే హెడ్‌లో వస్తుంది, లేదంటే ఆలస్యంగానైనా వస్తుంది. ఈ రెండంచెల పద్ధతే మా సిఫారసు. భయపడి అన్ని పేజీల్లోనూ వేసేయడం కన్నా ఇది ఎంతో నయం.

బ్లాక్ థీముల్లో క్రమం తలకిందులు

రిజిస్టర్‌ని ‘ఇనిట్’లో పెట్టమన్నది ఇందుకే. బ్లాక్ థీముల్లో (పేజీ మొత్తం బ్లాకులతోనే కట్టేవి) వర్డ్‌ప్రెస్ పేజీ ఒళ్లంతా ముందు తయారుచేసుకుని, ఆ తర్వాతే హెడ్ రాస్తుంది. స్టైల్‌కి ఇది మేలు, షార్ట్‌కోడ్‌లో పిలిచినా హెడ్‌లోకే చేరుతుంది. కానీ షార్ట్‌కోడ్ నడిచేది ‘డబ్ల్యూపీ_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్’ కన్నా ముందు. అక్కడ రిజిస్టర్ చేసే ప్లగిన్‌లో, షార్ట్‌కోడ్ పిలిచే సమయానికి హ్యాండిల్ ఇంకా పుట్టనే లేదు. ఎన్‌క్యూ వరకు కొత్త వెర్షన్లు గుర్తుపెట్టుకుని తర్వాత సర్దుతాయి. స్క్రిప్టుకి డేటా అందించే ‘డబ్ల్యూపీ_యాడ్_ఇన్‌లైన్_స్క్రిప్ట్’ మాత్రం ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. ఫైలు దిగుతుంది, దానికి కావాల్సిన గదుల జాబితా రాదు, కన్సోల్‌లో ‘డిఫైన్ కాలేదు’ అన్న ఎర్ర గీత ఒకటి. క్లాసిక్ థీములో నిన్నటిదాకా నడిచిన ప్లగిన్ థీము మార్చగానే పడకేసిందంటే ముందుగా ఇదే అనుమానించాలి.

ఆ డేటా పంపేటప్పుడు మూడో ఆర్గ్యుమెంటుగా ‘బిఫోర్’ ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే ‘ఆఫ్టర్’ అవుతుంది. అప్పుడు డేటా స్క్రిప్టు వెనక పడటమే కాదు, మనం అడిగిన డిఫర్ కూడా పోతుంది.

అడ్మిన్ వైపు

‘అడ్మిన్_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్’ హుక్ మన ఫంక్షన్‌కి ఒక విలువ పంపుతుంది. ఏ అడ్మిన్ పేజీలో ఉన్నామో చెప్పే సఫిక్స్ అది. దాన్ని చూసి, మన పేజీ కాకపోతే వెంటనే రిటర్న్ అవ్వాలి. చాలా పాఠాల్లో ఆ సఫిక్స్‌ని చేత్తో రాసి పోలుస్తారు. తెలుగు మెనూ పెట్టేవాళ్లకి అది కచ్చితంగా దెబ్బకొడుతుంది. సబ్‌మెనూ పేజీ సఫిక్స్‌లో మొదటి భాగం పైమెనూ టైటిల్ నుంచి పుడుతుంది. టైటిల్ ‘గదులు’ అని ఉంటే అది తెలుగు అక్షరాలుగా కాక, ఒక్కో అక్షర సంకేతం మూడు శాతం గుర్తులతో కూడిన పొడుగాటి కోడ్‌గా మారుతుంది. ఇంగ్లీషు టైటిల్‌తో రాసిన పోలిక అక్కడ ఎప్పటికీ కుదరదు. యజమాని అడ్మిన్ భాషని తెలుగులోకి మార్చి, మెనూ టైటిల్ అనువాదమైనా ఇదే గతి.

దీనికి మందు చిన్నదే. ‘యాడ్_సబ్‌మెనూ_పేజ్’ తిరిగి ఇచ్చే విలువే ఆ సఫిక్స్. దాన్ని క్లాసులో ఒక ప్రాపర్టీలో దాచుకుని, హుక్ పంపిన విలువతో సరిపోల్చండి. భాష ఏదైనా సరిపోతుంది.

మనిషిని చూసి షరతు పెట్టకండి

ఫోన్లో చూస్తున్నారా, కంప్యూటర్లోనా అని ‘డబ్ల్యూపీ_ఈజ్_మొబైల్’తో తేల్చి స్టైల్ మార్చాలనిపిస్తుంది. సైటులో పేజీ క్యాషింగ్ ఉంటే ముందుగా పేజీ తెరిచినవాళ్ల కాపీయే తర్వాతి వాళ్లందరికీ వెళ్లే ప్రమాదం ఉంది. షరతు పేజీని బట్టి ఉండాలి, చూసేవాళ్లని బట్టి కాదు. తెర వెడల్పు తేడాలు కావాలంటే ‘డబ్ల్యూపీ_రిజిస్టర్_స్టైల్’ ఐదో ఆర్గ్యుమెంటులో మీడియా షరతు రాయండి. సరిపోలని ఫైలుని కూడా బ్రౌజర్ తెచ్చుకుంటుంది గానీ, దానికోసం పేజీని ఆపదు.

సరిచూసుకోవడం

క్యాషింగ్ ప్లగిన్ ఖాళీ చేసి, లాగిన్ కాని విండోలో లాడ్జికి దారి చూపే పేజీ తెరవండి. పేజీ సోర్స్‌లో ‘తిరుగది’ అని వెతికితే ఒక్కటీ దొరక్కూడదు. బుకింగ్ పేజీలో స్టైల్ ట్యాగ్ ఐడీ ‘తిరుగది-స్టైల్-సీఎస్‌ఎస్’ హెడ్‌లో, రెండు స్క్రిప్టుల ఐడీలు చివర ‘-జేఎస్’తో ఫుటర్లో కనబడాలి, క్యాలెండర్ ముందు, ఫారం తర్వాత. ఆపైన క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి ఫారం కుదుపు లేకుండా వస్తోందా చూడండి.

అభ్యాసం: ఫారాన్ని పేజీలోంచి తీసి ఫుటర్లో పెట్టండి, క్లాసిక్ థీములో ఫుటర్ విడ్జెట్‌లో, బ్లాక్ థీములో ఫుటర్ టెంప్లేట్ పార్ట్‌లో. ఒకసారి క్లాసిక్ థీముతో, ఒకసారి బ్లాక్ థీముతో పేజీ సోర్స్ తెరిచి, స్టైల్ ట్యాగ్ రెండుసార్లూ ఎక్కడ పడిందో రాసుకోండి. తర్వాత రిజిస్టర్ ఫంక్షన్‌ని ‘ఇనిట్’ నుంచి ‘డబ్ల్యూపీ_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్’కి మార్చి, బ్లాక్ థీములో కన్సోల్ ఏమంటోందో చూడండి. 5వ పాఠంలో ఈ ఫారాన్నే బ్లాక్‌గా మార్చి, ఫైళ్ల పేర్లు బ్లాక్ జేసన్ ఫైల్లో రాస్తాం.