బెజవాడ నుంచి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు: ఇంటర్ విద్యార్థి ఎలా సిద్ధపడాలి

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్ చదువుతూ ఆక్స్‌ఫర్డ్‌లో లేదా కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ చేయాలనుకునే విద్యార్థి, ఆ రెండింటికీ ఒకే ఏడాది దరఖాస్తు చేసే వీలు లేదని ముందుగా గ్రహించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే బోధన సాగింది. అక్కడి పట్టణవాసులతో తగవు వచ్చి వెళ్లిపోయిన పండితులు 1209లో కేంబ్రిడ్జ్‌కు పునాది వేశారు. ప్రతిష్ఠలో ఏదీ తక్కువది కాదు కనుక కోర్సును చూసి ఎంచుకోవాలి. ఉదాహరణకు ఫిజిక్స్ ఒక్కటే చదవాలనుకునేవారికి ఆక్స్‌ఫర్డ్ అనుకూలం. కేంబ్రిడ్జ్‌లో మొదటి ఏడాది దాన్ని ఇతర విజ్ఞాన శాస్త్రాలతో కలిపి చదవాలి. ఎంచుకున్న కోర్సుకు మన ఇంటర్ బోర్డు మార్కులు సరిపోతాయో లేదో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే ముందుకు సాగాలి.

ఈ రెండు విశ్వవిద్యాలయాల్లోనూ ఎన్నో కాలేజీలుంటాయి, విద్యార్థి వాటిలో ఒకదానికి చెందుతాడు. ఆ కాలేజీ ఎంపిక గురించి అంతగా మథనపడనవసరం లేదు; ఏ కాలేజీనీ పేర్కొనకుండా కూడా దరఖాస్తు చేయవచ్చు.

నల్ల గౌన్లు, లాటిన్ ప్రార్థనతో మొదలయ్యే విందులు, ఆక్స్‌ఫర్డ్ పరీక్షలకు కోటుపై కార్నేషన్ పువ్వు పెట్టుకోవడం అందమైన ఆచారాలే. అయితే ఆ విద్యాలయాల గొప్పతనమంతా, ఒక అధ్యాపకుడి ఎదుట ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కూర్చుని తాము రాసిన వ్యాసాన్నో చేసిన లెక్కనో సమర్థించుకునే బోధనా పద్ధతిలో ఉందని నా దృఢమైన నమ్మకం. డిసెంబరులో జరిగే ఇంటర్వ్యూ దానికి నమూనా వంటిది. స్టడీ మెటీరియల్ బట్టీపట్టడం అక్కడ అక్కరకు రాదు. అందుచేత వారానికొకసారైనా మునుపు చూడని లెక్కను తీసుకుని, లెక్చరర్ ఎదుట బోర్డుపై చేస్తూ, ప్రతి అడుగూ ఎందుకు వేస్తున్నారో బిగ్గరగా చెప్పాలి. తప్పు చూపినప్పుడు బెదరకుండా ఆలోచన మార్చుకోవడం అలవరచుకోవాలి. ఐఐటీ ప్రవేశ పరీక్షలకు శ్రద్ధగా చదివినవారికి విషయ బలం ఎలాగూ ఉంటుంది, కొరవడేది ఈ మాట్లాడే అభ్యాసమే.

దరఖాస్తును, బ్రిటన్ విశ్వవిద్యాలయాల ప్రవేశ దరఖాస్తులు స్వీకరించే సంస్థ యూకాస్ వెబ్‌సైట్ ద్వారా అక్టోబరు 15 సాయంత్రం 6 గంటలకు, అంటే మన రాత్రి 10:30కి ముందే పంపాలి. అప్పటికి సెకండియర్ సగం కూడా గడవదు కనుక, ఇంగ్లీషులో సిఫారసు లేఖ రాయమని లెక్చరర్‌ను ఆగస్టులోనే అడగాలి. కొన్ని కోర్సులకు ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది, దానికి విడిగా నమోదు చేసుకోవాలి.

విదేశీ విద్యార్థుల ఫీజు చాలా ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు ఇచ్చే రోడ్స్, కేంబ్రిడ్జ్‌లో చదువుకు ఇచ్చే గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్‌లు డిగ్రీ పూర్తిచేసినవారికే కనుక, ఖర్చు భరించలేని కుటుంబాలు డిగ్రీ ఇక్కడే చదివించి, పీజీకి ప్రయత్నించడం మేలు.