పెరటి మరుగుకు వావిలి దడి వేయడం ఎలా?

పెరట్లో మరుగు కోసం ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టడం అనంతపురంలో డబ్బు దండగ. ఆషాఢ గాలికి అది కట్టిన చోటల్లా చిరిగి పీలికలవుతుంది. సందుల గుండా గాలిని కొంత పోనిచ్చే దడే ఇక్కడ నిలుస్తుంది. అందుకే ముందుగా ఎండు కట్టెలతో దడి కట్టి, దాని వెంబడే వావిలి అనే పొద మొక్క కొమ్మలు నాటాలి. కట్టెలను చెదలు తినేలోగా వావిలి మనిషెత్తు పెరుగుతుంది. పైగా దాని ఆకును మేకలు ముట్టవు.

గడ్డపార, కొడవలి, కిత్తనార తాడు చాలు. నాలుగడుగులకొకటి చొప్పున గుంజలు పాతి, రెండు వరుసల అడ్డకర్రలు కట్టి, కంది కట్టెను నిలువుగా పేర్చి బిగించాలి.

అందరూ చెడగొట్టేది కొమ్మ నాటే పనిని. తొలకరి చినుకు పడగానే తొందరపడి నాటుతారు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది, అందులోనూ ఎక్కువ పడేది సెప్టెంబరులో. ఆషాఢ గాలిలో నాటిన కొమ్మ వేరు వేయకముందే ఎండిపోతుంది. కనుక గాలి తగ్గి, నేల లోతుగా తడిసిన తరువాతే నాటాలి.

చిటికెనవేలు లావున్న ముదురు కొమ్మను జానెడున్నర ముక్కలుగా కోయాలి. లేత చివర్లు పనికిరావు. కింది కొసను కణుపుకు దిగువన ఏటవాలుగా, పై కొసను చదునుగా కోస్తే తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. ఆకులు దూసేసి, తడి గోనెలో చుట్టి, కోసిన రోజే నాటాలి. కొమ్మనే నేలలోకి గుచ్చితే బెరడు లేచిపోతుంది. గడ్డపారతో బొక్క చేసి, మూడింట రెండు వంతులు లోపలికి దించి, చుట్టూ మన్ను మడమతో గట్టిగా తొక్కాలి. కొమ్మకూ కొమ్మకూ జానెడు ఎడం చాలు.

కొన్ని వారాలకు చిగురు వస్తుంది. అది చూసి బతికిందనుకుని నీళ్లు మానేస్తారు. ఆ తొలి చిగురు కొమ్మలో నిలవున్న సత్తువతో వచ్చినదే గాని, వేరు పట్టిందనడానికి గుర్తు కాదు. లాగి చూడనేకూడదు, అప్పుడప్పుడే పుట్టిన దారాల్లాంటి తెల్లవేళ్లు తెగిపోతాయి. చిగురు ఎండకు వాడకుండా నిలిచి, ఆపైన కొత్త ఆకులు వేసేదాకా, వాన లేని రోజుల్లో దినం విడిచి దినం చెంబెడు నీళ్లు పోయాలి. కర్నూలు వైపు నల్లరేగడిలో నీరు నిలిస్తే అడుగు కుళ్లుతుంది గనుక, అక్కడ కట్ట పోసి దాని మీద నాటాలి.

మొక్క నడుమెత్తు రాగానే చివర్లు తుంచాలి. తుంచడానికి చాలామందికి చేయి రాదు గాని, వదిలేస్తే మొక్క సన్నగా పైకి పోయి అడుగున బోసిగా మిగులుతుంది.