పండగ శుభాకాంక్షలు చెబితే ఎదుటివాళ్లు నొచ్చుకున్నారా? తేడా ఎక్కడొచ్చిందో ఇలా చూసుకోండి

కావలిలో ఫ్లెక్సీలు, కరపత్రాలు వేసే షాపు నాది. ఏడాది పొడుగునా నా చేతిమీదుగా పోయేవి శుభాకాంక్షలే. ఉగాదిది దింపకముందే శ్రీరామనవమిది కడతారు, అది దింపేలోపు ఇంకో పండగ వస్తుంది. "వేరే మతం వాళ్ల పండక్కి మనం శుభాకాంక్షలు చెబితే ఏమన్నా అనుకుంటారా అన్నా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చెప్పినందుకు నొచ్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. నొచ్చుకున్న ప్రతిసారీ తవ్వి చూస్తే కారణం వేరే ఉంది. అది తెలుసుకుంటే సరిచేసుకోవచ్చు.

సమస్య: శుభాకాంక్షలు అనగానే ఎదుటివాళ్ల మొహం మాడింది

ముందు ఆ రోజేంటో చూడండి. నేను షాపు పెట్టిన కొత్తలో ఒకాయన మొహర్రంకి ఫ్లెక్సీ కావాలన్నాడు. రంజాన్‌కి వేసిన డిజైను కంప్యూటర్లో ఉంటే దాన్నే తీసి, పేరు మార్చి, తారాజువ్వలు, పూలు అలాగే ఉంచి "మొహర్రం పండుగ శుభాకాంక్షలు" అని వేసిచ్చాను. సాయంత్రం మా వీధిలో పంక్చర్ షాపు నడిపే చాచా వచ్చాడు. కోపంగా కాదు, మెల్లగా అడిగాడు: "మీ ఇంట్లో ఎవరన్నా పోయినరోజు ఇట్ట రంగుల బోర్డు కడతావా నాయనా?" నాకు నోట మాట రాలేదు. డబ్బులు వాపసు ఇచ్చేసి, రాత్రికి రాత్రే ఆ ఫ్లెక్సీ దింపించాను.

కారణం: మొహర్రం నెల పదో రోజు ఇమామ్ హుస్సేన్ కర్బలాలో ప్రాణాలర్పించిన రోజు. అది క్రీ.శ. 680 నాటి సంగతి. అంటే అది సంతాప దినం. మనం పొరబడటానికీ కారణం ఉంది. మన ఊళ్లలో దాన్ని పీర్ల పండగ అంటాం. డప్పులు, గుండం, పీర్లెత్తుకునే వాళ్లలో సగంమంది హిందువులు. చిన్నప్పట్నుంచి చూసింది ఆ సందడే కదా. పైగా అదే నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని నీళ్లలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏడు వచ్చి రొట్టె పంచుతారు. అక్కడ ఆనందం నిజమే. కానీ ఆ దర్గా కూడా పన్నెండుమంది అమరవీరుల సమాధులే. పేరులోనే ఉంది.

పరిష్కారం: రొట్టెల పండక్కి "భక్తులకు స్వాగతం" అని వేయండి, బాగుంటుంది. మొహర్రంకి "ఇమామ్ హుస్సేన్ త్యాగాన్ని స్మరించుకుందాం" అంటే చాలు. శుభాకాంక్షలనే మాట, తారాజువ్వలు రెండూ తీసేయండి.

గుడ్ ఫ్రైడేది కూడా ఇదే తప్పు. పేరులో గుడ్ ఉంది కదాని శుభాకాంక్షలు చెప్పేస్తారు. అది ఏసును సిలువ వేసిన రోజు. మధ్యాహ్నం చర్చిలో ఏడు మాటల ఆరాధనలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న మనిషి ఫోన్లోకి పూలగుత్తి వచ్చి పడితే ఎలా ఉంటుంది? ఆ రోజు ఊరుకుని, ఆదివారం పొద్దున ఈస్టర్‌కి ఫోన్ చేయండి. సంతోషంగా మాట్లాడతారు.

సమస్య: రోజు సరైనదే, మనవాళ్లే, అయినా బాధపడ్డారు

ఇందులో మతం లేదు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరో పోయి ఉంటారు. ఏడాది తిరిగేదాకా వాళ్లు పండగ చేసుకోరు, గుమ్మానికి తోరణం కట్టరు. నా కంప్యూటర్లో వందలమంది కస్టమర్ల నంబర్లున్నాయి. ఉగాది పొద్దున ఒక్క నొక్కుతో అందరికీ ఒకే మెసేజ్ పంపేవాణ్ణి. భర్త పోయి రెండు నెలలైన ఒక పెద్దమ్మకీ అది వెళ్లింది. ఆ కార్యానికి కార్డులు వేసింది నేనే. ఆమె ఏమీ అనలేదు, నాకే నిద్రపట్టలేదు. అప్పట్నుంచి కర్మకాండ కార్డు వేసిన ప్రతి ఇంటి నంబరూ ఆ ఏడాదికి జాబితాలోంచి తీసి పక్కన రాసుకుంటున్నాను. పండగరోజు వాళ్లకి ఫోన్ చేసి "పెద్దమ్మా, అన్నం తిన్నావా?" అని అడుగుతాను.

సమస్య: శుభాకాంక్షలు తీసుకున్నారు, గిన్నె మాత్రం తీసుకోలేదు

కారణం గిన్నెలో ఉంది. క్రైస్తవుల్లో చాలామంది నైవేద్యం పెట్టినవి తినరు. అది వాళ్ల విశ్వాసం, మనమీద చిన్నచూపు కాదు. వినాయక చవితికి మా ఆవిడ పూజకు ముందే కొన్ని కుడుములు వేరే గిన్నెలో తీసి పెడుతుంది. "ఇవి దేవుడికి పెట్టినవి కాదు వదినా" అని ఒక్కమాట చెప్పి ఇస్తుంది. వాళ్లు క్రిస్మస్‌కి మాకు అరిసెలు పంపుతారు. ఎదురింటి వైశ్యులకి మాత్రం కోడిగుడ్డు వేయని కేకు వెతికి తెస్తారు. అడగడానికి మొహమాటపడకండి. "మీరు తింటారా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

సమస్య: ఎవరైనా ఏమన్నా అనుకుంటారేమోనని పండగ పేరే తీసేశాం, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు

ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు డిసెంబరులో ఏ పేరూ లేకుండా "సెలవుల శుభాకాంక్షలు" అని వేయమన్నారు. వాళ్లబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అక్కడ అలాగే అంటారట. అక్కడ దానికి లెక్కుంది. క్రిస్మస్, యూదుల హనుక్కా, కొత్త సంవత్సరం దగ్గరదగ్గర్లో పడతాయి, ఎదుటివాళ్లు ఏది చేసుకుంటారో తెలియనప్పుడు ఒక మాట అన్నిటికీ సరిపోతుంది. ఆ మాటమీద అక్కడ పెద్ద వాదనలే నడిచాయి. అయినా 2017లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ అక్కడివాళ్లని అడిగితే, షాపులవాళ్లు ఏ మాటతో పలకరించినా తమకు పట్టింపు లేదని 52 శాతం మంది అన్నారు.

మనకి వేరే అలవాటుంది. డిసెంబరు 20 దాటాక నా షాపులో ఎక్కువగా పోయేది మూడు కలిపిన ఫ్లెక్సీ: "క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు". ఒక మూల నక్షత్రం, ఒక మూల గాలిపటం. దానిమీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. పేరు తీసేయడంకంటే ఇంకో పేరు చేర్చడమే మనవాళ్లకి నచ్చుతుంది. ఆ అపార్ట్‌మెంట్ వాళ్లకీ చివరికి అదే వేసిచ్చాను.

సమస్య: మాట సరిగ్గానే ఉంది, బొమ్మ దగ్గర గొడవ

ఒంగోలు వైపు నుంచి వచ్చే క్రిస్మస్ ఆర్డర్లలో మరియమ్మ విగ్రహం పెట్టకండి. అక్కడ ఎక్కువగా బాప్టిస్టులు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర వాళ్లది. వాళ్ల చర్చిలో విగ్రహాలుండవు. అదే ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ చర్చి వాళ్లకైతే మరియమ్మ ఉండాల్సిందే. తెలియకపోతే నక్షత్రం, పశువుల పాక వేయండి, రెండువైపులా సరిపోతుంది. ప్రవక్త పుట్టినరోజు మిలాదున్నబీకి మనిషి బొమ్మ అసలు వద్దు, మదీనా పచ్చ గుమ్మటం చాలు. రంజాన్ ఫ్లెక్సీమీద తేదీ వేయొద్దు, నెలవంక కనబడితేనే పండగ.

ఉర్దూలో "ఈద్ ముబారక్" కావాలంటే ఇంకా జాగ్రత్త. ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తారు, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లో పేస్ట్ చేస్తే అతుకులు విడిపోయి వరుస తిరగబడుతుంది. చదవరాని నాకు అది అందంగానే కనబడింది. చదవొచ్చినవాళ్లకి మాత్రం "ముబారక్" కాస్తా క-ర-అ-బ-మ అయింది. ఇప్పుడు ఉర్దూ వచ్చినవాళ్ల చేత రాయించి, ఆ ఫొటోనే వాడుతున్నాను. ప్రింటుకి ముందు పంక్చర్ షాపు చాచాకి ఫోన్లో చూపిస్తాను. కళ్లజోడు పైకెత్తి, వేలితో పెద్దది చేసుకుని, ఒక్కో అక్షరం చూసిగాని సరే అనడు.

సమస్య: పండగ బాగా జరిగింది, వారానికి గొడవ మొదలైంది

ఫ్లెక్సీ దింపలేదు. గాలికి ఒక పక్క రింగులు తెగి, దేవుడి బొమ్మ కాలవలో పడింది. ఎవరు పడేశారని కుర్రాళ్లు మూగేశారు. కట్టేరోజే దింపేవాడికి కూడా కూలి ఇచ్చేయండి. నేను మూడోరోజు పొద్దున మనిషిని పంపుతాను. రాముడున్నా, సిలువున్నా, నెలవంకున్నా బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టి, తాడు కట్టి షాపుకి తెస్తాడు.