స్పానిష్‌లో ‘చాలా’, ‘కొంచెం’ చెప్పే తీరు

తెలుగులో ‘చాలా’ అనే ఒక్క మాట నామవాచకానికీ విశేషణానికీ సరిపోతుంది గాని, స్పానిష్‌లో నామవాచకం ముందు ‘మూచో’, విశేషణం ముందు ‘ముయ్’ వాడాలి. ‘ముయ్’ ఎన్నడూ మారదు. ‘మూచో’ మాత్రం తరువాతి నామవాచకపు లింగవచనాలను బట్టి ‘మూచా’, ‘మూచోస్’, ‘మూచాస్’ అవుతుంది: మూచోస్ లీబ్రోస్ (చాలా పుస్తకాలు), మూచాస్ కాసాస్ (చాలా ఇళ్లు). నీటిని, పుంలింగ పదాల ముందు వచ్చే ‘ఎల్’ చేర్చి, ‘ఎల్ ఆగ్వా’ అంటారు కదా అని ‘మూచో ఆగ్వా’ అనకూడదు. ఆ మాట స్త్రీలింగమే కనుక ‘మూచా ఆగ్వా’ అనాలి. క్రియను విశేషించేటప్పుడు ‘మూచో’ రూపం మారదు.

నా దృష్టిలో అసలు చిక్కు ‘కొంచెం’ అని చెప్పే ‘పోకో’తోనే: ‘తెంగో పోకో దినేరో’ అంటే నా దగ్గర డబ్బు తక్కువగా ఉందనే లోటు, ‘తెంగో ఉన్ పోకో దె దినేరో’ అంటే ఎంతో కొంత ఉందనే భరోసా.