సీలింగ్ లైటు మార్చాలంటే

సీలింగ్ లైటు మార్చడంలో అసలు మార్చే పని కొంచెమే. రెండు మూడు స్క్రూలు, రెండు మూడు వైర్లు. మిగతాదంతా పైన కరెంటు లేదని గట్టిగా తేల్చుకోవడమే. మా ఇంట్లో ఈ పనులు నావే కాబట్టి నేను చేసే పద్ధతి చెబుతాను. ఇలాంటి పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలని మీరున్న చోట నిబంధన ఉంటే మాత్రం వాళ్లనే పిలవండి.

స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. స్విచ్ ఫేజు వైరు (కరెంటు తెచ్చే వైరు) మీద ఉండాలి. కానీ కొన్ని ఇళ్లలో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టేసి ఉంటారు. అప్పుడు లైటు ఆరిపోతుంది గానీ హోల్డర్లో ఫేజు అలాగే ఉంటుంది. పైగా పక్క గదికి వెళ్లే లైను కూడా ఒక్కోసారి ఇదే పాయింటు మీదుగా పోతుంది, దానికి ఈ స్విచ్‌తో సంబంధమే ఉండదు. అందుకే కరెంటు డబ్బాలో ఆ లైనుకున్న ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దించాలి. డబ్బా మీద రాసిన పేర్లు నేను నమ్మను. లైటు వెలుగుతుండగానే ఎంసీబీ దించుతాను. లైటు కింద మా అత్తగారు నిలబడి ‘ఆరిందమ్మా’ అని కేకేస్తారు. దించిన ఎంసీబీ మీద టేపు వేసి, ‘పైన పని జరుగుతోంది’ అని చీటీ అంటించండి. లేదంటే ఎవరో ఒకరు వచ్చి, అదే పడిపోయిందనుకుని పైకి లేపేస్తారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకా జాగ్రత్త. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ మీద లైన్లోకి వచ్చేస్తుంది. అలాగని ఇన్వర్టర్ స్విచ్ ఒక్కటే ఆపినా సరిపోదు. చాలా ఇన్వర్టర్లలో ముందున్న స్విచ్ ఆపినా మెయిన్ కరెంటు దాని గుండా అటువైపు వెళుతూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి: ఇన్వర్టర్‌కి వచ్చే కరెంటూ, ఇన్వర్టరూ.

ఇక టెస్టర్. నియాన్ దీపం ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలిగితే కరెంటు ఉందని అర్థం, వెలగకపోతే లేదని మాత్రం కాదు. ప్లాస్టిక్ స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ వెలుగు బాగా తగ్గిపోతుంది, పట్టపగలు అసలు కనబడకపోవచ్చు. మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) ఉంటే దాన్నే వాడండి. ముందు కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత లైటు దగ్గర ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య, ఫేజుకి ఎర్త్‌కి (భూమికి కలిపిన వైరు) మధ్య, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య కరెంటు లేదని చూడాలి. వేరే సర్క్యూట్లో కరెంటు ఉంటే, మళ్లీ అక్కడి సాకెట్లో పెట్టి మీటర్ మధ్యలో చెడిపోలేదని కూడా తేల్చుకోండి. చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు.

పని పగటిపూట పెట్టుకోండి. ఫోను టార్చి నోట్లో కరుచుకుని చేసే పని కాదిది. కుర్చీ మీద స్టూలు వేయకండి. కదలని నిచ్చెన కావాలి, అది చెక్కదో ఫైబర్‌దో అయితే మంచిది, అల్యూమినియంది వద్దు. బల్బు చల్లారాక తీయండి.

కవరు ఊడదీయగానే వైర్ల ఫొటో తీయండి. రంగులు చూసి నిర్ణయించుకోవద్దు. పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ కావచ్చు, కొత్తదాంట్లో గోధుమరంగు, నీలం కావచ్చు. పైన చేసినతను చేతిలో ఏ ముక్క ఉంటే అది వాడి ఉండొచ్చు కూడా. ఒకే స్క్రూ కింద రెండు మూడు వైర్లు కలిసి ఉంటే వాటిని అలాగే కలిపి ఉంచి, చిన్న టేపు ముక్క మీద గుర్తు రాసి చుట్టండి. ఎర్త్‌ని చివర విప్పాలి, బిగించేటప్పుడు మొదట బిగించాలి. పాత ఫిట్టింగ్‌ని ఒక చేత్తో పట్టుకునే ఉండండి, వైర్లకి వేలాడనివ్వకండి. కాస్త వంచగానే వైరు తొడుగు పెళుసుగా విరిగిపోతుంటే అక్కడితో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కొత్త ఫిట్టింగ్ బాడీ లోహానిదైతే ఎర్త్ తప్పనిసరి. పైన ఎర్త్ వైరు లేకపోతే చతురస్రంలో చతురస్రం గుర్తున్న ఫిట్టింగే కొనండి. దానికి ఎర్త్ అక్కర్లేదు. బరువు సంగతి కూడా చూడాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు బరువైన షాండ్లియర్‌ని మోయలేదు, పైనున్న ఫ్రేముకో స్లాబుకో బిగించాలి. కొత్త రంధ్రాలు వేయాల్సివస్తే, లోపల వైర్ల పైపు ఏ వైపు నుంచి వస్తోందో చూసి, ఆ దారిలో డ్రిల్లు పెట్టకండి.

వైరు మీద తొడుగు కనెక్టర్‌కి కావాల్సినంతే తీయండి. మామూలుగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు చాలు. బిగించాక రాగి బయటికి కనబడకూడదు. ఒక్కో వైరునీ వేళ్లతో లాగి చూడండి, ఊడేదైతే ఇప్పుడే ఊడాలి. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. వేడికి టేపు జిగురు ఎండి వదులైపోతుంది, ఆ జాయింటే తర్వాత కాలుతుంది. బల్బు పెట్టేముందు ఫిట్టింగ్ మీద రాసిన వాట్ల పరిమితి చూసుకోండి, అంతకు మించకూడదు.

అంతా మూశాక, గోడ స్విచ్ ఆపి ఉంచి ఎంసీబీ లేపండి. ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంటే, స్విచ్‌లో ఉన్న చిన్న ఇండికేటర్ దీపమో, న్యూట్రల్ మీద ఉన్న స్విచ్చో కారణం కావచ్చు. ఎల్‌ఈడీ రెపరెపలాడుతుంటే ఆ లైనులో పాత డిమ్మర్ (వెలుగు తగ్గించే స్విచ్) ఉందేమో చూడండి. ఎంసీబీ పడిపోతే మళ్లీ మళ్లీ లేపకండి. దాన్ని దించే ఉంచి, కవరు తీసి, మొదటి నుంచీ కరెంటు చెక్ చేసుకుని, ఏ వైరు ఎక్కడ తగులుతోందో ఫొటోతో పోల్చి చూడండి.