బుకర్ షార్ట్‌లిస్ట్ చదివి నలుగురిలో అభిప్రాయం చెప్పడం ఎలా?

ఇంగ్లిష్ నవలలకిచ్చే బుకర్ బహుమతికి తుది పోటీలో నిలిచిన పుస్తకాల జాబితా, అదే షార్ట్‌లిస్ట్, రాగానే మా చదువరుల గుంపులో ముందు వినిపించే ప్రశ్న, "ఈసారి ఎవరికొస్తుందంటారు?" దాంతో మొదలుపెడితే ఇక పందేలే నడుస్తాయి, పుస్తకాల ఊసుండదు. గుంపును నడిపేది నేను కాబట్టి చివరి సమావేశం దాకా ఆ ప్రశ్న ఎత్తకూడదని షరతు పెట్టాను. కొందరికి నా మీద కోపమే. ఉండనివ్వండి.

ముందు పంపకాల సంగతి. ఈ మధ్య షార్ట్‌లిస్ట్ సెప్టెంబరులో వస్తోంది, విజేతను నవంబరులో ప్రకటిస్తున్నారు. చేతిలో ఉండేది ఇంచుమించు రెండు నెలలు, చదవాల్సినవి ఆరు నవలలు. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్లను ఆరూ చదివి తీరాలని పట్టుబడితే సగంమంది మొహం చాటేస్తారు. అందుకని ఒక్కో నవలను ముగ్గురికి తగ్గకుండా పంచండి. ఇద్దరే అయితే ఒకరు బాగుందంటారు, ఒకరు బాగాలేదంటారు, అక్కడితో సరి. మూడో మనిషి ఉంటే ఇద్దరూ కారణాలు చెప్పుకోక తప్పదు. పంచేముందు లావు చూసుకోండి. 2013లో గెలిచిన 'ది లూమినరీస్' 832 పేజీలు, 2024లో గెలిచిన 'ఆర్బిటల్' 136. లావు పుస్తకాన్ని హుషారుగా చెయ్యెత్తినవాళ్లకు కాకుండా నిజంగా తీరిక ఉన్నవాళ్లకు ఇవ్వాలి.

"ఫలానా నవల లిస్టులో ఎందుకు లేదు?" అని ఆవేశపడే ముందు అది అసలు పోటీకి వచ్చిందో లేదో ఆలోచించాలి. ఈ బహుమతికి పుస్తకాలను పంపేది ప్రచురణకర్తలు. ఎవరెన్ని పంపొచ్చో లెక్కుంటుంది. నవల ఇంగ్లిష్‌లో రాసిందై ఉండాలి, బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో అచ్చయి ఉండాలి. ఇక్కడ మనం నెత్తిన పెట్టుకున్న పుస్తకం అక్కడ పోటీకి పెట్టిన గడువులో అచ్చు కాకపోతే జడ్జీల బల్ల మీదికే రాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే గంటసేపు జరిగే వాదన ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక అసలు పని, అభిప్రాయం చెప్పడం. నా పద్ధతి ఒకటే: ఏ మాటైనా పుస్తకంలో ఒక చోటికి వేలు పెట్టి చూపించాలి. 'ఆర్బిటల్' సంగతే తీసుకోండి. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక్క రోజు, భూమి చుట్టూ పదహారు ప్రదక్షిణలు. దాని మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "బోర్ అండీ, కథే లేదు" అని. అలా అన్నవాళ్లను నేను కాదనను. "ఏ ప్రదక్షిణలో విసుగొచ్చిందండీ?" అని అడుగుతాను. పేజీలు తిప్పుతారు. "ఇదిగో, ఇక్కడ మళ్లీ సూర్యోదయం, మళ్లీ ఖండాల వర్ణన. ఇందాక చదివిందే కదా" అంటారు. ఇప్పుడది అభిప్రాయం అయింది. దానికి ఇంకొకరు బదులివ్వగలరు: తల్లి చనిపోయిందన్న కబురు భూమి నుంచి వస్తే, కిందికి దిగే దారి లేక తిరుగుతూనే ఉన్న చియే అనే వ్యోమగామి అందులో ఉంది, ఆమెకు ఆ సూర్యోదయాలు ఆగకుండా రావడమే కదా నరకం, అని. ఇద్దరూ ఒకే పేజీ గురించి మాట్లాడుతున్నారు. ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

"భాష అద్భుతం" అన్నవాళ్లకూ ఇదే శిక్ష. ఒక వాక్యం చదివి వినిపించమంటాను. మెచ్చుకోలుకు రుజువు అడగరని చాలామంది ధీమా!

సగంలో వదిలేసినవాళ్లు కూడా మాట్లాడాలి, ఏ పేజీలో వదిలేశారో ముందే చెప్పి. ముగింపు మీద మాత్రం వాళ్లు తీర్పు చెప్పకూడదు. కథలో మలుపుల సంగతికొస్తే, సమావేశంలో చివరి అరగంట వాటికి కేటాయించి, చదవనివాళ్లను లేచి వెళ్లనివ్వండి.

అనువాద నవలలకు ఇంటర్నేషనల్ బుకర్ వేరే ఉంది. దాని 50,000 పౌండ్లను రచయిత, అనువాదకులు చెరిసగం పంచుకుంటారు. బహుమతే ఇద్దరిదైనప్పుడు మన మాటల్లో అనువాదకుల పేరు రాకపోతే ఎలా? 2022లో రచయిత్రి గీతాంజలి శ్రీ, అనువాదకురాలు డైసీ రాక్‌వెల్ గెలిచిన 'టూంబ్ ఆఫ్ శాండ్'ను మనలో కొందరు హిందీలో 'రేత్ సమాధి'గానే చదివి ఉంటారు. ఏది చదివారో మొదటి వాక్యంలోనే చెప్పాలి. హిందీలో నవ్వొచ్చిన చోట ఇంగ్లిష్‌లో నవ్వు రాలేదని ఒకరంటే, రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి ఆ పేరా చదవండి. నాకు తెలిసి గుంపులో దీనికి మించిన వినోదం లేదు.

ఆఖరి సమావేశంలో ఓటింగ్. చేతులెత్తించకండి; గట్టిగా మాట్లాడేవాళ్ల వైపే చేతులు లేస్తాయి. తలా ఒక చీటీ ఇచ్చి, చదివిన నవలలను నచ్చిన వరుసలో రాయమని, ఆ వరుసను బట్టి మార్కులు వేయండి. అందరూ ఆరూ చదవలేదు కాబట్టి మొత్తం మార్కులు కూడితే తక్కువమంది చదివిన పుస్తకానికి అన్యాయం జరుగుతుంది, సగటు తీయండి. చీటీ అడుగున ఇంకో ప్రశ్న: వీటిలో ఏది మళ్లీ చదువుతారు? బుకర్ జడ్జీలు లాంగ్‌లిస్ట్‌లోని, అంటే ముందుగా వచ్చే పెద్ద జాబితాలోని, పుస్తకాలను షార్ట్‌లిస్ట్ కోసం మళ్లీ చదువుతారు, విజేత కోసం మరోసారి. మొదటిసారి ఉర్రూతలూగించినవి రెండోసారికి నీరుగారిపోవచ్చు. మొదటి స్థానం ఒక పుస్తకానికిచ్చి, మళ్లీ చదువుతాననే చోట వేరే పేరు రాసేవాళ్లుంటారు. వాళ్లను వదలకండి, ఎందుకో అడగండి.

సమానంగా వస్తే కంగారు పడకండి. విజేత ఒక్కరే ఉండాలన్న నిబంధన ఉన్నా, 2019లో జడ్జీలు దాన్ని పక్కనబెట్టి మార్గరెట్ అట్‌వుడ్‌కూ బెర్నడీన్ ఎవరిస్టోకూ కలిపి ఇచ్చారు. చీటీలు మాత్రం లండన్‌లో ఫలితం చెప్పేలోపే తీసేసుకోండి. ఆ తర్వాత అడిగితే అందరూ "నేను ముందే అనుకున్నా" అనేవాళ్లే.